అమ్మకు పనికిరాని ఇల్లు

“ఇంకొంచెం పొయ్యండి. కాలు పెడితే జర్రున జారాలి,” అంది భార్య.

సుపుత్రుడు బాత్రూమ్ గడప దగ్గర గొంతుక్కూర్చుని మరో మగ్గు సబ్బునీళ్ళు గుమ్మరించాడు. ఇంటి పనంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి, పొద్దుటి నుంచీ చెమటలు కక్కుతున్నాడు.

కారణం లేకపోలేదు. తుంటి విరిగి కేర్ సెంటర్లో చేరిన తల్లి ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది. ఇంటికి పోతానని పోరు పెడుతోంది. ఇల్లు ఆమెకు క్షేమమో కాదో చూడటానికి సెంటర్ సూపర్‌వైజరమ్మ ఇంకాసేపట్లో వస్తోంది. ఆవిడ ఊఁ అంటే తల్లి ఇంటికి వస్తుంది. ఊహూఁ అంటే ఇక ఎప్పటికీ అక్కడే.

“అమ్మని వద్దని నోటితో ఎలా అంటామే?” అన్నాడు సుపుత్రుడు.

“మనమెందుకంటాం? ఇల్లే అంటుంది,” అంది భార్య.

అతను నడవాలో బల్బు విప్పి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. చెప్పుల స్టాండు దారికి అడ్డంగా జరిపాడు. తల్లి పట్టుకుని లేచే కడ్డీ మరలు వదులు చేస్తున్నప్పుడు మాత్రం మనసు ఒక్క క్షణం చివుక్కుమంది. రాత్రంతా ఆవిడ దగ్గే దగ్గు గుర్తొచ్చి ఆ చివుక్కు కూడా పోయింది.

బెల్లు మోగింది.

“రండి మేడమ్! అమ్మ లేక ఇల్లు బోసిపోయిందండీ,” అంటూ కళ్ళు ఒత్తుకున్నాడు. సబ్బు చేత్తో ఒత్తుకున్నాడేమో, నిజంగానే నీళ్ళు ధారలు కట్టాయి.

సూపర్‌వైజరమ్మ టేపు తీసి గుమ్మాలు కొలిచింది. “ఇక్కడ చీకటిగా ఉందే?”

“పాత వైరింగండీ. బల్బు పెట్టడం తరవాయి, మాడిపోతుంది.”

“బాత్రూమ్ జారుతోంది.”

“నేలలోంచి నీళ్ళు ఊరతాయండీ.” నురగ సంగతి ఆవిడ అడగలేదు, ఇతను చెప్పలేదు.

“కడ్డీ ఊగుతోందే?”

“గోడకి పట్టు లేదండీ. అమ్మ మళ్ళీ పడిందంటే నేను బతుకుతానా, చెప్పండి!” వెనక నుంచి భార్య సమయానికి ముక్కు ఎగబీల్చింది.

సూపర్‌వైజరమ్మ అన్నిటికీ “అవునవును” అని తల ఊపింది. సుపుత్రుడి ప్రాణం లేచొచ్చింది.

“అయితే అమ్మ రావడం కుదరదంటారా? నా ఖర్మ!” అని సోఫాలో కూలబడ్డాడు.

“కుదరకేం? ముందు ఆ జేబులో బల్బు ఇలా ఇవ్వండి.” ఆవిడ చెయ్యి చాపింది. “మరలు బిగించి, నేల పొడిగుడ్డతో తుడిచెయ్యండి. రేపు తీసుకొచ్చి దింపుతాం.”

సుపుత్రుడు జేబులోంచి బల్బు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. “ఇవన్నీ మీకు... ఎవరు చెప్పారండీ?”

“మీ అమ్మగారే. వాళ్ళత్తగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపొచ్చో లేదో చూడటానికి మావాళ్ళలాంటి వాళ్ళే వస్తే, మీ అమ్మగారూ ఇల్లు ఇలాగే సర్దారట,” అంది సూపర్‌వైజరమ్మ టేపు చుట్టుకుంటూ. “అప్పుడు బల్బు దాచింది మీ నిక్కరు జేబులోనట.”