తీసుకోని రిపోర్టు

"గర్భసంచి ఒక్కటేనా అమ్మా, అండాశయాలు కూడా తీసేస్తామన్నారా?"

శ్రీకాకుళంలో ఓ నర్సింగ్ హోమ్ గేటు పక్క బల్ల మీద కూర్చున్న ముసలాయన అలా అడిగేసరికి రేఖ తల దించుకుంది.

లక్ష్ముడికి ఒళ్ళు మండింది. మొగుడు పక్కనుండగా, నలుగురిలో, పరాయి ఆడదాన్ని అడిగే మాటేనా అది?

"ఓ పెద్దాయనా! ఆడోళ్ళ ఇసయాలతోటి నీకేటి పని?"

ముసలాయన నొచ్చుకోలేదు. తను ఎండలోకి జరిగి రేఖకి నీడపట్టున చోటిచ్చాడు. ఆయన చేతుల నుంచి ఏదో ఘాటైన మందు వాసన వస్తోంది.

"వయసెంతమ్మా?"

"ముప్పై ఏడు బాబూ," అంది రేఖ నెమ్మదిగా. "సంచిలో గడ్డలున్నాయట. నెల్లో ఇరవై రోజులు అదే బాధ."

"గడ్డలుంటే సంచి తియ్యనీ. అండాశయాలు బాగుంటే మాత్రం ఉంచమని అడుగు. అవి పిల్లల కోసమే కాదు. వాటిలో పుట్టే హార్మోను గుండె కణాలకి కాపలా. ఈ వయసుకే ఆ కాపలా ఎత్తేస్తే గుండె తొందరగా అలిసిపోతుందమ్మా."

"నువ్వు డాక్టరువేటి?" అన్నాడు లక్ష్ముడు.

"కాన్పులు చెయ్యను బాబూ. గుండె వైద్యమూ చెయ్యను."

"మరేటి సేస్తావు? బల్ల కాస్తావా?"

వరసలో ఉన్న ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

లక్ష్ముడు ఊరుకోలేదు. వాచ్‌మన్‌ని కేకేశాడు.

"ఆడోళ్ళని పట్టుకుని ఏటేటో అడుగుతన్నాడు. ఇలాటోళ్ళని కూకోబెట్టుకుంటారేటి మీరు?"

వాచ్‌మన్ ముసలాయన రెక్క పట్టుకుని రోడ్డు మీదకి లాక్కుపోయాడు. పోతూపోతూ ఆయన వెనక్కి తిరిగాడు.

"ఒక్క మాట అడుగమ్మా. అడిగితే పోయేదేముంది?"

"పోనీ ఓపాలి అడుగుదుమా మావా?" అంది రేఖ.

"కలుపు తీసినోడు ఏరు ఉంచుతాడేటే?"

లోపల డాక్టరమ్మ కాగితం ముందుకి జరిపింది. "ఎలాగూ కోస్తున్నాం. అండాశయాలు కూడా తీసేస్తే ముందుముందు కేన్సర్ భయం ఉండదు. మీ ఇష్టం."

రేఖ నోరు తెరిచేలోపే లక్ష్ముడు అన్నాడు. "అన్నీ తీసీండమ్మా. మళ్ళీ మళ్ళీ కోయించుకోలేం."

రేఖ సంతకం కింద తన సంతకం గీశాడు.

తీసినవాటిని పరీక్షకి పంపామనీ, వారం పోయాక ల్యాబుకెళ్ళి రిపోర్టు తెచ్చుకోమనీ నర్సు చెప్పింది. లక్ష్ముడు వెళ్ళలేదు. తీసి పారేసినదానికి రిపోర్టెందుకు? తమ కోటబొమ్మాళి చుట్టుపక్కల ఎవరూ తెచ్చుకోరు.

ఆరేళ్ళు గడిచాయి.

ఊడ్పుల రోజుల్లో ఒకనాడు రేఖకి దవడ లాగింది. వీపు బరువెక్కింది. చెమటలు పోశాయి.

"గేసు," అన్నారు అందరూ. వాము నమిలించారు. సోడా తాగించారు.

గుండెపోటు ఆడదానికి, అందులోనూ నలభై మూడేళ్ళదానికి వస్తుందని ఎవరనుకుంటారు?

రెండు రోజులు పోయాక శ్రీకాకుళం తీసుకొస్తే, గుండె డాక్టరు తెర మీద చూసి నిట్టూర్చాడు.

"గుండె కండ చాలావరకు చచ్చిపోయింది."

తర్వాత పాత ఆపరేషన్ సంగతి అడిగాడు. లక్ష్ముడు జరిగిందంతా చెప్పాడు.

"దానివల్లేనా బాబూ?"

"దానివల్లే అని చెప్పలేను. చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే గుండెకి ముప్పు పెరుగుతుందని మాత్రం చెప్పగలను."

"అయితే ఆ హార్మోనేదో ఇప్పుడు మాత్రల్లో ఇచ్చీండి."

"అప్పుడే మొదలుపెట్టాల్సింది. పోటు వచ్చాక ఇస్తే ప్రమాదం."

మంచం మీద రేఖ రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. అయినా మొగుడి మొహం చూసి నవ్వింది.

"ఏటలా సూస్తావు? నానింకా ఉన్నాను కదేటి. పోయి తిను."

లక్ష్ముడు తినలేదు. తిన్నగా ల్యాబుకి నడిచాడు.

అతనికి కావలసింది ఒక్కటే. ఆ అండాశయాల్లో ఏదో ఒక జబ్బు ఉండాలి. ఉంటే, ఆవేళ తను పెట్టిన సంతకం తప్పు కాదు.

ల్యాబులో అరుణశ్రీ అనే అమ్మాయి అటక మీంచి కట్టలు దింపి, దుమ్ము దులిపి, అరగంట వెతికింది.

"ఆరేళ్ళకి గుర్తొచ్చిందా బాబాయ్? ఇదిగో చూడు, ఇన్ని కట్టలు. ఎవరూ తీసుకెళ్ళనివే."

"సదివి సెప్పమ్మా. జబ్బున్నాదా?"

"సంచిలో గడ్డలు. మామూలువే, కేన్సర్ కాదు." ఆమె వేలు కింది వరసకి జరిగింది. "అండాశయాలు రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి."

"మళ్ళీ సూడమ్మా."

"స్పష్టంగా రాసుంది బాబాయ్. ఏ జబ్బూ లేదు."

లక్ష్ముడు వంగి కాగితం కింద ఉన్న సంతకం మీద వేలు పెట్టాడు.

"ఎవలు రాసినారిది? ఓపాలి ఆయన్ని కలవాల."

"త్యాగరాజు డాక్టరుగారు. పోయి ఏడాదైంది." అరుణశ్రీ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి అతని చేతిలో పెట్టింది. "ముప్పై ఏళ్ళు ఇక్కడే మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఊళ్ళో ఆస్పత్రుల్లో తీసినవన్నీ చూసి, ఇలాగే 'ఆరోగ్యంగా ఉన్నాయి' అని రాసేవారు. తీశాక రాసి ఏం లాభం, తీయకముందే చెప్పాలని కొన్నాళ్ళు రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ నర్సింగ్ హోమ్ గేటు పక్క బల్ల మీద కూర్చునేవారు, ఎవరో పెద్దమనిషి తన పెళ్ళాంతో ఈయన మాట్లాడారని అల్లరి చేసి గెంటించేదాకా."