మూడో చుట్టులో అడుగు

"నవ్విందెవరు?"

అమ్మవారి వేషం కట్టిన కిహచిరో, కొయ్యముఖం విప్పగానే తెర తోసుకుని గుడి మంటపం దిగి వచ్చాడు.

జపాను పల్లెలో శరత్కాలపు పండగ. ఊరంతా చాపల మీద కూర్చుని ఉంది. దేవుడి ముందు కొయ్యముఖాలు తొడుక్కుని ఆడే కగురా ఆటలో అమ్మవారు మూడో చుట్టు తిరుగుతూ చటుక్కున ఆగి, కుడికాలు పక్కకు విసురుతుంది. ఆ క్షణాన ఊళ్లో పసిపిల్లలు కూడా కిక్కురుమనరు.

ఇవాళ ఎవరో కిసుక్కున నవ్వారు.

"నేనే నాయనా," అంది ముందు వరసలోని ముసలావిడ. పొద్దుటి బస్సులో దిగిన మనిషి. ఎవరి చుట్టమో ఎవరికీ తెలియదు.

"మామ్మగారూ, ఆ అడుగు మా ఊరి సొత్తు. పక్క ఊరివాళ్లు ఎన్ని తంటాలు పడ్డా వాళ్లకి పట్టుబడలేదు. దాన్ని చూసి నవ్వుతారా?"

"అది అడుగు కాదు నాయనా. వేషం పొడుగైపోతే, కాలికి అడ్డంపడ్డ అంచుని తన్నుకోవడం."

"మామ్మగారు పొద్దున్నే ఓ చుక్క పుచ్చుకున్నట్టున్నారు!" అన్నారెవరో. చాపలన్నీ గొల్లుమన్నాయి.

కిహచిరో మొహం కందగడ్డయింది.

"వినండి. మగవాళ్లంతా యుద్ధానికి పోయిన ఏడు కూడా మా ఆట ఆగలేదు. సోకిచి గారు సెలవు మీద వచ్చి మరీ ఆడారు. తిరిగి వెళ్లి ప్రాణాలిచ్చారు. ఆయన వేసిన అడుగు ఇది. ఆడవాళ్లు మెట్టు కూడా ఎక్కకూడని ఆట. మీకేం తెలుస్తుంది?"

ముసలావిడ నవ్వు ఆగిపోయింది.

"బాగా ఆడాడంటారా, ఆ సోకిచి?"

"బాగానా! ఆ ఏడు ఆగి ఉంటే ఈ ఆట అక్కడితో సరి. ఆయన చలవ వల్లే ఇవాళ తలెత్తుకు తిరుగుతున్నాం."

"ఆ మాట చాలు నాయనా."

కళ్లు తుడుచుకుంది. మెట్టు కిందే నిలబడి, అతని చేతిలోని కొయ్యముఖానికి నడుం వంచి దండం పెట్టింది. రెండు గంటల బస్సుకి బయల్దేరింది.

ఆట ముగిశాక కొయ్యముఖాన్ని పెట్టెలో పెట్టి, ఆ ఏడు ఆడినవాడి పేరు మూత లోపలివైపు సిరాతో రాయడం ఆచారం. కిహచిరో కుంచె అందుకుంటూ నవ్వాడు.

"విన్నావా తొమెజో తాతా? మన అడుగు అంచు తన్నుకోవడమట!"

తెర వెనకే ఉండిపోయిన డెబ్బై అయిదేళ్ల డోలు తాత చేతిలోంచి పుల్లలు జారిపోయాయి.

"అంచు అందా? ఆవిడే అందా?"

"ఆఁ. ఏం?"

"ఎందుకు పోనిచ్చావురా! ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం. ఆ రోజు ఆడేవాళ్లకి వేషం తొడిగింది నేను. అంచు మడిచి కుట్టడానికి పొద్దు చాల్లేదు."

"సోకిచి గారికి వేషం పొడుగవడమేమిటి తాతా? ఆయన ఆజానుబాహువు కదా?"

"సోకిచి సెలవు మీద రానేలేదురా. పండగ ముందురోజు వాడి చావు కబురు వచ్చింది. ఊరికి చెప్పకుండా దాచి, ఆడింది వాడేనన్నాం."

"మరి ఆడిందెవరు?"

తాత అతని చెవిలో చెప్పాడు.

కిహచిరో వేషంతోనే పరుగెత్తాడు. బస్సు అప్పటికే వంతెన దాటుతోంది. నడిరోడ్డు మీద మూడు చుట్లు తిరిగి, చటుక్కున ఆగి, కుడికాలు పక్కకు విసిరాడు. బస్సులోంచి ఎవరైనా చూశారో లేదో.

తిరిగొచ్చి మళ్లీ కుంచె అందుకున్నాడు. తన పేరు రాయలేదు. అరవై ఏళ్ల కిందటి వరసలో సోకిచి పేరు వెతికి, ఊరంతా చూస్తుండగా, దాని పక్కన గర్వంగా రాశాడు: "ఆడినది ఆయన చెల్లెలు కినుయె. వయసు పద్నాలుగు."