తెగని కేబుల్

"ఎక్కించు బావా, తెగదు," అన్నాడు గని ఎలక్ట్రీషియన్ నసారియో.

కసిమీరో తన కరెంటు లోడర్‌ను కొత్త కేబుల్ మీదుగా పోనిచ్చాడు. చక్రాలు దాటాయి. సొరంగంలో దీపం మినుకుమననైనా లేదు.

"చూశావా? పాతదానికి అతుకులు వేసీ వేసీ నా చేతులు పడిపోయాయి. ఇక హాయిగా పని చేసుకోండి."

కసిమీరో అలసట తెలియకుండా నములుతున్న కోకా ఆకుల ఉండను రెండో బుగ్గకు మార్చుకున్నాడు. కప్పు నుంచి రాళ్ళపొడి అతని హెల్మెట్ మీద రాలుతోంది. పొద్దుటి నుంచీ అంతే.

"కప్పు సంగతి మేస్త్రీకి చెప్పావా?" అడిగాడు నసారియో.

"చెప్పాను. కరెంటుందా అన్నాడు. ఉందన్నాను. అయితే పని కానివ్వమన్నాడు."

నసారియో గూట్లో ఉన్న గని దేవుడు తియో వైపు చూశాడు. ఆ కొమ్ముల మట్టిబొమ్మ నోట్లో ఇవాళ సిగరెట్ లేదు.

"కేబుల్ తెగినప్పుడల్లా ఆయనకి సిగరెట్ ముట్టించేవాళ్ళు కదా. మళ్ళీ తెగకూడదని మొక్కుతున్నారనుకున్నా."

"తెగినందుకు ముట్టించేవాళ్ళంరా బామ్మర్దీ. కరెంటు పోతేనే కదా మమ్మల్ని పైకి రానిచ్చేది. కప్పు రాలినప్పుడల్లా నేనే కావాలని కేబుల్ మీద చక్రం ఎక్కించేవాణ్ణి."

నసారియో స్విచ్ పెట్టె వైపు తిరిగాడు.

"పోనీ, నేను స్విచ్ కట్టేస్తా."

"ఎవరు కట్టేశారో పైన క్షణంలో తెలిసిపోతుంది. రేపు నీ పని ఉండదు. మా పని మాత్రం ఇక్కడే ఉంటుంది."

కప్పు నుంచి ఈసారి పిడికెడంత రాయి పడింది.

"మళ్ళీ ఎక్కించు, బావా," అన్నాడు నసారియో, నెమ్మదిగా.

కసిమీరో లోడర్‌ను వెనక్కి తెచ్చి, సరిగ్గా కేబుల్ మీద ఆపాడు. ఇద్దరూ దీపం వైపు చూశారు.

అది వెలుగుతూనే ఉంది.