బొట్టు పెట్టిన రౌటరు

"అత్తయ్యా, నెట్ రావడం లేదు!"

సాయిసుధ కేక విని లీలాకుమారి వంటింట్లోంచి గరిటతో సహా పరుగెత్తుకొచ్చింది. ఇంకో అరగంటలో కోడలికి బెంగళూరు ఆఫీసుతో మీటింగు. క్లయింటు కూడా ఉంటాడు. "ఇంకొక్కసారి మీటింగు మధ్యలో మాయమయ్యారంటే ఇంటినుంచి పని సంగతి మరిచిపోండి. పెట్టె సర్దుకుని ఇక్కడికొచ్చేయండి" అని మేనేజరు పోయిన వారమే మొహమాటం లేకుండా చెప్పేశాడు. మొగుడి ఉద్యోగం, కూతురి బడి, అత్తగారి ఫిల్మ్‌నగర్ ఇల్లు అన్నీ ఇక్కడే. ఒక్కతీ బెంగళూరు వెళ్లి ఏం చేస్తుంది?

పోనీ ఫోను నెట్ వాడదామా అంటే ఇంటి వెనకాలంతా కొండరాయి. సిగ్నలు ఒక గీత దాటి పైకెక్కదు.

"నిన్నొచ్చిన ఆ షూటింగువాళ్లే ఏదో కెలికి ఉంటారు" అంది సాయిసుధ ఏడుపు మొహంతో.

"వాళ్లనేం అనకు" అంది లీలాకుమారి. ఇల్లు షూటింగులకిచ్చేది ఆవిడే మరి. "చీపురు కూడా ఎక్కడిదక్కడే పెట్టి వెళ్లారు. అయినా నీ రౌటరు పొద్దస్తమానం నువ్వే కదా ఒళ్లో పెట్టుకు కూర్చున్నావు?"

అదీ నిజమే. నిన్న తీసింది, నెట్ పోయిందని ఒళ్లు మండిన హీరో రౌటరును నేలకేసి కొట్టే సీను. "నా రౌటరు జోలికొస్తే ఊరుకోను" అని సాయిసుధ ముందే అడ్డం తిరిగితే, ఆర్ట్ డిపార్ట్‌మెంటు జగదీశ్ దాన్ని నాలుగు పక్కలా ఫొటోలు తీసుకెళ్లి, అచ్చం అలాంటి డమ్మీ చేయించి తెచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టేసరికి ఆమె వంగి వంగి చూసింది. అవే యాంటెన్నాలు, తీగలు గుచ్చే అవే కన్నాలు, మీట నొక్కితే వెలిగే అవే పచ్చ లైట్లు. ఎత్తి చూస్తే బరువు కూడా ఒక్కటే!

"లోపల పాత రేడియో ముక్కలు కుక్కాం మేడమ్. హీరోగారి చేతికి తేడా తెలియకూడదు కదండీ" అన్నాడు జగదీశ్. ఇంతలో డైరెక్టరు కేకేశాడు. "మీదేదో మీరు తీసేసుకోండి మేడమ్, రెండోది బల్లమీద ఉంచేయండి" అంటూ అతను పరుగెత్తాడు.

తన రౌటరు తనకి తెలియదా? దసరాకి ఆయుధపూజలో అత్తగారు పెట్టిన కుంకుమబొట్టు ఎర్రగా నిగనిగలాడుతోంది. రెండోదానిమీద ఏదో వెలిసిన మరక. సాయిసుధ బొట్టున్నదాన్ని లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. ఆ తర్వాత హీరో కొట్టిన దెబ్బకి రెండోదాని ముక్కలు హాలంతా ఎగిరిపడ్డాయి. యూనిట్టంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది సాయిసుధే.

ఇప్పుడా బొట్టు రౌటరు బల్లమీద పచ్చగా వెలుగుతూ కూర్చుంది. వైఫై మాత్రం లేదు. సాయిసుధ నెట్ కంపెనీ క్రాంతికుమార్‌కి ఫోను చేసింది.

"మేడమ్, ఎర్ర లైట్ గిన వస్తున్నదా?"

"లేదండీ, అన్నీ పచ్చగానే ఉన్నాయి."

"అయితే లైన్ మంచిగనే ఉన్నట్టు. ఒకసారి బంద్ చేసి చాలూ చెయ్యుండ్రి."

మీట నొక్కింది. లైట్లు ఆరాయి. మళ్లీ నొక్కింది. బుద్ధిగా వెలిగాయి.

"ఫోన్ల మీ వైఫై పేరు కనిపిస్తున్నదా?"

"లేదండీ."

"గిదేంది మరి? తీగ జర గట్టిగ ఒత్తుండ్రి."

"ఒత్తాను. ఏం లాభం లేదు."

"గట్లయితే కరెంటు ప్లగ్గు పీకుండ్రి. పీకిన్రా? లైట్లన్ని పోయినయా?"

సాయిసుధ కళ్లు నులుముకుని చూసింది. "లేదండీ... వెలుగుతూనే ఉన్నాయి."

"ప్లగ్గు పీకినంక గూడనా?"

"అవునండీ. ఇంకా కాంతిగా ఉన్నాయి కూడా."

క్రాంతికుమార్ గొంతు గుళ్లో మాట్లాడుతున్నట్టు మెత్తగా వచ్చింది. "మేడమ్, ఇన్నేండ్ల సంది గిదే పని చేస్తున్న. కరెంటు లేకుంట నడిచే రౌటర్ నేనైతే చూడలే. జర తిప్పి, అడుగున స్టిక్కర్ మీద నంబర్ చెప్పుండ్రి."

తిప్పింది. అడుగు నున్నగా, నల్లగా ఉంది. స్టిక్కరు లేదు. కుంకుమబొట్టును బొటనవేలితో రుద్దింది. ఎంత రుద్దినా వేలికి ఎరుపంటలేదు. అదే సమయానికి ఫోను మీద మేనేజరు పేరు కూడా వెలిగింది.

పక్కన నిలబడి అంతా వింటున్న లీలాకుమారికి ఏదో గుర్తొచ్చింది. గబగబా షోకేసు దగ్గరికెళ్లి, పట్టుగుడ్డలో భద్రంగా చుట్టి దాచుకున్న నల్లటి ముక్క ఒకటి తెచ్చింది. ఆవిడ మొహం ఆశ్చర్యంతో వెలిగిపోతోంది.

"నిన్న హీరోగారు పగలగొట్టినదాంట్లో ముక్కమ్మా, గుర్తుగా దాచుకున్నాను. ఆ జగదీశ్ పనితనం చూడు సుధా, స్టిక్కరూ, దానిమీద నువ్వు పెన్నుతో రాసుకున్న వైఫై పాస్‌వర్డూ, అచ్చం నీ చేతిరాతతోనే దించేశాడు!"