పేరు కోసం వెళ్లిన నీలి

అడవిలో ఒక కుళ్లిన దుంగ కింద పొట్టి రెక్కల పురుగులు ఉండేవి. మనుషుల పుస్తకాల్లో వాటి జాతికి ఇంకా పేరు లేదు.

"పేరు లేని జాతికి చరిత్ర లేదు. గుర్తింపు మన హక్కు," అని కొరివి అనే కుర్ర పురుగు రోజూ ఉపన్యసించేవాడు.

"పేరు తింటే కడుపు నిండుతుందట్రా?" అనేది ముసలత్త.

ఒక ఉదయం కొత్త జాతుల్ని వెతికే మనిషి వచ్చి రాలిన ఆకుల్ని జల్లెడ పట్టసాగాడు. పురుగులన్నీ తోకలెత్తి మట్టిలో దూరాయి.

"నీలీ, మనలో మెరిసేది నువ్వే. జాతి కోసం వెళ్లు," అన్నాడు కొరివి.

"నువ్వూ రా అన్నా."

"నేనొస్తే ఇక్కడ వీళ్లను నడిపించేదెవరు?"

నీలి ఒక్కతే జల్లెడలోకి నడిచింది.

వానలు వెలిశాక ఆ మనిషి గుడిసెలో ఉండే బల్లి కబురు తెచ్చింది.

"మీ జాతికి పేరొచ్చింది. కొత్త జాతి గురించి రాయాలంటే ఒక పురుగును చంపి అట్టముక్కకు అతికించి దాచాలట. నీలిని అతికించి, కింద పేరు రాశారు."

"ఏం పేరు?" అన్నాడు కొరివి.

"ఆ మనిషి గురువుగారిది."



"దానికి నీలి అని పేరుంది కదరా," అంది ముసలత్త.