గట్టు దాకా వచ్చిన ధర

"ఈ రోజే వలలు దించి రొయ్యలు పట్టేయండి మావయ్యా. ఆగొద్దు."

కోడూరు దగ్గర తన రొయ్యల చెరువులో మేత చల్లుతున్న గోవర్ధనరావు తలెత్తాడు. గట్టు మీద బైకు. దాని మీద ఎవరో కొత్త మనిషి.

"ఎవరయ్యా నువ్వు?"

"శామ్యూల్ రాజ్ అండీ. బందరు నుంచి వస్తున్నాను. రేటు పడబోతోంది."

"నీకెవరు చెప్పారు?"

"నిన్న చైనాలో పడిందండీ. తర్వాత అమెరికా. ఆ తర్వాత మీ గట్టు. ఒకప్పుడు నెల పట్టేది, ఇప్పుడు వారం కూడా పట్టట్లేదు. అది కొలవడమే నా పని."

గోవర్ధనరావు పకపకా నవ్వాడు.

"మా ఊరికి బస్సే టైముకి రాదు. చైనా రేటు వస్తుందా?"

"వస్తుంది మావయ్యా."

నవ్వు ఆగిపోయింది.

రేటు పడుతుందని దళారులు పుకారు పుట్టించడం, రైతులు బెదిరి వలలు దించితే చవగ్గా ఎత్తుకుపోవడం దివిసీమలో పాత నాటకమే. తెగులుతో ఇప్పటికే రెండు పంటలు పోయాయి. ఇదీ పోతే చెరువే చేతిలో ఉండదు. ఇంకొన్నాళ్ళు మేపితే రొయ్య బరువెక్కుతుంది.

"ఏ దళారీ పంపాడ్రా నిన్ను?"

కాలర్ పట్టి ఒక్క తోపు తోశాడు.

శామ్యూల్ రాజ్ బురదలో పడ్డాడు. లేచాడు. కోప్పడలేదు.

"తిట్టినా పర్లేదు. ఈ రోజే పట్టండి" అని వెళ్ళిపోయాడు.

గోవర్ధనరావు వెంటనే శ్యాంబాబుకి ఫోన్ చేశాడు. బందరులోని ఎగుమతి కంపెనీ తరఫున ఏళ్ళుగా తన సరుకు కొనేది అతనే.

"ఎవడో వచ్చి రేటు పడుద్దని బెదిరిస్తున్నాడు బావా. శామ్యూల్ రాజ్ అంట."

శ్యాంబాబు ఆ పేరు మళ్ళీ చెప్పించుకున్నాడు.

"నేను చూసుకుంటాలే. నువ్వు మాత్రం కంగారుపడి పట్టకు బావా."

పట్టలేదు.

వారం తిరక్కుండానే రేటు కుప్పకూలింది.

శ్యాంబాబు వ్యాన్ తెచ్చాడు. వలలు దిగాయి. గట్టు మీద నిలబడ్డ భార్య రాజమ్మ ఒకటే అడిగింది.

"చెరువు వదిలేసుకోవడమేనా?"

గోవర్ధనరావు కాటా దగ్గరికి నడిచాడు.

"ఆ బందరు మనిషికి అంత ముందే ఎలా తెలిసింది శ్యాంబాబూ?"

శ్యాంబాబు కాటా మీంచి చూపు తిప్పలేదు.

"మా కంపెనీలో ఆ లెక్క కట్టేదే అతను, మాకు మాత్రమే చెప్పాల్సింది గట్టుగట్టుకీ తిరిగి మీకు చెప్తున్నాడని నీ ఫోన్ వల్లే తెలిసింది బావా, ఆ సాయంత్రమే ఉద్యోగంలోంచి పీకేశారు."