మిగిలిన బడి

ఊళ్లోని రెండు సర్కారు బడుల్లో ఇకమీదట ఒకటే ఉంటుందని విద్యాధికారి మీటింగులో తేల్చేశాడు. పెద్ద వీధి బడికి అక్క హెడ్మాస్టరు, మిల్లు వెనక బడికి తమ్ముడు.

"పిల్లలు మీ బడిలోనే ఎక్కువ, పాసయ్యేవాళ్లే కరువు," అన్నాడు అధికారి తమ్ముడితో. "అక్కయ్యగారి బడిలో పదో తరగతి తప్పినవాళ్లే లేరు. మీ దాంట్లో సగం మంది ఫెయిలే. ఒకే తల్లి బిడ్డలు కదండీ! ఆవిణ్ణి చూసైనా నేర్చుకోవాల్సింది."

అందరూ నవ్వారు. తమ్ముడు తల దించుకున్నాడు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మిల్లు వెనక బడి మూసెయ్యాలని రాసుకున్నారు.

బయట సైకిలు తాళం తీస్తున్న తమ్ముడి దగ్గరికి అక్క గబగబా వచ్చింది.

"నోట్లో నాలుక లేదురా నీకు? చెప్పొచ్చుగా!"

"ఏమని అక్కా?"

ఆమె గొంతు తగ్గించింది. "చదువు రాని పిల్లలకి తొమ్మిదిలోనే టీసీలిచ్చి, ఏటా నీ నెత్తిన రుద్దానని."

"నేను చెబితే చాడీ అవుతుంది. నువ్వు చెప్తావనుకున్నాను."

"పోనీలే, ఇక వాళ్లంతా నా దగ్గరికే వస్తారుగా. చదువు నేనే చెప్పుకుంటాను."

"రారక్కా. మెడపట్టి గెంటిన గుమ్మం మళ్లీ ఎవరు తొక్కుతారు?"

సోమవారం ప్రార్థన అయిపోయినా ఆమె గేటు వేయనివ్వలేదు. మిల్లు వెనక నుంచి చాలామంది పిల్లలే వచ్చారు. ఆమె పంపేసినవాళ్లలో ఒక్కరూ రాలేదు.